దబ్బనం, గోనె, జీతాల చిట్టా: విశాఖలో ఒక కంపెనీ వారసత్వ కళాప్రదర్శన – కేస్ స్టడీ

కంపెనీని గుర్తుపట్టకుండా ఉండేందుకు వ్యాపారం, కాలం, మనుషులకు సంబంధించిన కొన్ని వివరాలు మార్చాం. గోడలు, గాలి, వస్తువుల గురించి రాసింది మాత్రం ఉన్నదున్నట్టే.

నేపథ్యం

విశాఖ వన్‌టౌన్‌లో పాత కుటుంబ సంస్థ. తాతల కాలంలో గోగునార, గోనె సంచుల ఎగుమతి. 1933లో ఓడరేవు మొదలయ్యాక సరుకు ఎగుమతి దిగుమతులు, కస్టమ్స్ పనులు. ఇప్పుడు గిడ్డంగులు, లారీలు. నడిపేది మూడో తరం. గోగునార మాట ఈ తరానికి పెద్దగా తెలియదు గానీ, గోంగూర జాతికే చెందిన ఈ మొక్క నారకు ప్రపంచ మార్కెట్లో బిమ్లీ జ్యూట్ అనే పేరు భీమిలి రేవు వల్లే వచ్చింది. ఊరి చరిత్రతో ఇంత ముడిపడిన సరుకు వాళ్ల చేతుల మీదుగా నడిచిందన్న సంగతి కంపెనీ బ్రోషర్‌లో ఒక్క వాక్యంగా కూడా లేదు.

వార్షికోత్సవానికి ఒక చిన్న సమకాలీన కళాప్రదర్శన కావాలని, దాన్ని రూపొందించే పని మాకు అప్పగించారు. సొంత గోడౌన్లలో పాతదొకటి, సుమారు 900 చదరపు అడుగులు, మందపాటి సున్నపు గోడలు, మద్రాసు టెర్రస్ (చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో కట్టే) పైకప్పు. ఐదుగురు కళాకారులు, 30 రోజులు. చూడాల్సినవాళ్లు ఖాతాదారులు, బ్యాంకువాళ్లు, సిబ్బంది, వీలైతే ఊళ్లోవాళ్లు. ‘వీలైతే’ అన్న ఆ మాట దగ్గరే పేచీ మొదలైంది.

సమస్య

ప్రదర్శనకని కంపెనీ ఇచ్చిన సామగ్రి: వ్యవస్థాపకుడి తైలవర్ణ చిత్రం, మంత్రులతో ఫొటోలు, షీల్డులు, రిబ్బను కత్తిరింపులు. ఇవన్నీ గెలుపును చూపిస్తాయి, పనిని చూపించవు. పేర్లు తీసేస్తే ఏ ఊళ్లో ఏ కంపెనీవైనా కావచ్చు.

అటక మీద ఉన్నవి వేరు. బస్తాల మీద మార్కా వేసే రేకు స్టెన్సిళ్లు, కళాసీల చేతి కొక్కేలు, దబ్బనాలు, బస్తాల లెక్క రాసిన టాలీ పుస్తకాలు, పెట్టెడు సీసం సీళ్లు, గోడౌన్ల నీలం నకళ్లు (బ్లూప్రింట్లు), జీతాల చిట్టాలు. ఒక స్టెన్సిల్‌ను చేతిలోకి తీసుకుంటే చాలు, కథ దానంతటదే బయటపడుతుంది. అంచులు రెండు మడతలు వేసి ఉన్నాయి, చెయ్యి తెగకుండా. అక్షరాల సందుల్లో దీపపు మసి, కిరసనాయిలు కలిసి పెచ్చు కట్టాయి. 4 అంకె ఉన్నచోట రేకు ముక్క అతికి, దాని మీద 7 కోశారు. లాటు మారిందే గానీ కొత్త రేకుకు డబ్బు పెట్టలేదన్నమాట.

ఆ రేకుతో పనిచేసిన మేస్త్రి ఒకాయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. దాన్ని చూడగానే అన్నారు: “రేకు ఎత్తేటప్పుడు చెయ్యి వణికిందా, మసి పాకిపోద్ది బాబూ. పాకిందంటే ఆ బస్తా వెనక్కే.”

అసలు ప్రశ్న ఇది: కంపెనీ వారసత్వం అంటే యజమానుల కథా, పని కథా? దీనికి జవాబు తేలకుండా కళాకారులను పిలిస్తే, ప్రతివాళ్లూ మర్యాదకు యజమానుల కథే గీసిపెడతారు.

మొదట ప్రయత్నించినవి

మార్కెటింగ్ విభాగం ‘సంప్రదాయం – ప్రగతి’ అన్న అంశం ఇచ్చి ప్రతిపాదనలు పిలిచింది. వచ్చినవాటిలో ఓడ, లైట్‌హౌస్, ఉదయించే సూర్యుడు, గేరు చక్రం, కరచాలనం చేస్తున్న చేతులు. కళాకారులను తప్పుపట్టడానికి లేదు. పత్రికా ప్రకటన లాంటి పిలుపుకు పోస్టర్ లాంటి జవాబే వస్తుంది. అంశం ఎంత విశాలంగా ఉంటే బొమ్మ అంత బోసిగా ఉంటుంది.

రెండోది, ప్రవేశంలో 20 అడుగుల ఫ్లెక్స్ మీద కాలక్రమణిక. సిబ్బందిని ముందుగా పిలిచి చూపిస్తే, దాని ముందు సెల్ఫీ దిగి లోపలికి వెళ్లిపోయారు, చదివినవాళ్లు లేరు. ఆ సమాచారమంతా ఏ3 కాగితానికి కుదించి, మడిచి చేతికిచ్చే కరపత్రం చేశాం. గోడ ఖాళీ అయింది.

మూడోది తేదీ. కంపెనీ అక్టోబరు అడిగింది. ఈ తీరంలో అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకింది ఈ ఊరినే. పైగా సున్నపు గోడలు వానాకాలపు చెమ్మను వదలడానికి వారాలు పడుతుంది. జనవరికి జరపమన్నాం. దీనికి మాత్రం వాదనే జరగలేదు. హుద్‌హుద్‌లో ఆ గోడౌన్ షట్టరు ఎగిరిపోయిన సంగతి వాళ్లకింకా గుర్తుంది.

దారి మార్చిన నిర్ణయం

అంశాన్ని పక్కనపెట్టి వస్తువుతో మొదలుపెట్టాం. అటక మీది సామాను బల్లల మీద పరిచి, ఒక్కో కళాకారుడు ఒక్క వస్తువే ఎంచుకోవాలన్నాం. దాన్ని వాడిన మనిషితో, ఆ మనిషి లేకపోతే ఆ పని తెలిసినవాళ్లతో కూర్చోవాలి. ప్రదర్శనలో ఆ వస్తువు, దాన్నుంచి పుట్టిన కళాఖండం పక్కపక్కనే ఉంటాయి. షరతు ఇంతే. వ్యవస్థాపకుడి చిత్రం కూడా ఎంచుకోవచ్చన్నాం, ఎవరూ ఎంచుకోలేదు.

దీనితో కంపెనీ ఒకటి వదులుకోవాల్సి వచ్చింది. ఫలితం ఎలా ఉంటుందో ముందే చూసి ఆమోదించే వీలు పోయింది. బదులుగా మధ్యలో ఒకసారి అందరూ చూసే రోజు పెట్టాం. పారితోషికంలో 40 శాతం అడ్వాన్సు, 30 శాతం ఆ రోజున, 30 శాతం బిగింపు పూర్తయ్యాక. సామాను ఖర్చు వేరే. గౌరవ వేతనం పేరుతో ఒక శాలువా, కవరు ఇచ్చే అలవాటు మన దగ్గర ఎక్కువ. అలా ఇస్తే వచ్చేది గతేడాది మిగిలిపోయిన బొమ్మ.

చివరికి గోడౌన్‌లో నిలిచినవి ఐదు పనులు, తొమ్మిది వస్తువులు. నలభై పెట్టాలన్న ఒత్తిడి చివరి వారం దాకా ఉంది. అంత చోటుకు ఇంతకన్నా ఎక్కువైతే స్టోర్‌రూమే.

గోనె

ఒక చిత్రకారిణి స్టెన్సిల్ ఎంచుకుని, 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవున్న గోనె పట్ట మీద అదే మార్కాను వరసలుగా అచ్చు వేసింది. మేస్త్రి చెప్పిన ‘మసి పాకడం’ వరస వరసకూ పెరుగుతూ పోయి, అడుగున అక్షరమే కనిపించదు.

మొదట దీన్ని నైలాన్ తీగతో ఆరు చోట్ల వేలాడదీశారు. రెండు రోజుల్లో తీగ కట్టిన చోట్ల నేత సాగి, మధ్యలో బొజ్జలు దిగాయి. కారణం బరువు కాదు. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) గోనె 12 చదరపు మీటర్లంటే నాలుగు కిలోలు కూడా ఉండదు. జనపనార చెమ్మ గాలిలో తన బరువులో ఐదో వంతు దాకా నీరు పీల్చగలదు. రాత్రి బరువెక్కి సాగుతుంది, పగలు ఆరి బిగుస్తుంది, కానీ పాత కొలతకు రాదు. ఆ లాగుడంతా ఆరు బిందువుల మీద పడుతోంది.

పరిష్కారం బట్టల ప్రదర్శనల్లో అందరూ వాడేదే. పై అంచు పొడవునా నూలు పట్టీ, దాని మీద వెల్క్రో మెత్తటి భాగం కుట్టడం. గరుకు భాగం చెక్క బద్దకు స్టేపుల్ కొట్టడం. బరువు అంచంతా సమంగా పంచుకుంటుంది, పొరపాటు వస్తే ఊడదీసి మళ్లీ అతికించొచ్చు. జిగురుతో వచ్చే వెల్క్రో కొనకూడదు, వేడికి జిగురు జారుతుంది. కుట్టు కోసం ఒకప్పుడు బస్తాలు కుట్టిన ఇద్దరు ఆడవాళ్లను పిలిపించారు. మిషను సూది విరిగిన మందం మీద దబ్బనం, పురికొసతో సాయంత్రానికి పని ముగించారు. వాళ్ల కుట్టు మూలలో కావాలనే కనబడేలా వదిలేశారు, పేర్లు లేబుల్ మీద వేశారు.

గోనెలో పురుగు ఉండే ప్రమాదం మరొకటి. కాగితపు చిట్టాలున్న గదిలోకి దాన్ని అలాగే తేకూడదు. పురుగుమందు కొడితే మరక, వాసన. బదులుగా గడ్డకట్టించాలి: పాలిథీన్ సంచిలో గాలి తీసి, టేపు వేసి, దాని మీద మరో సంచి, మైనస్ 20 డిగ్రీల్లో వారం. విశాఖలో దీనికి ప్రయోగశాల వెతుక్కోనక్కర్లేదు, రొయ్యల ఎగుమతి కోల్డ్ స్టోరేజీలు బోలెడు. అక్కడ మైనస్ 18 మాత్రమే ఉంటే రెండు వారాలు ఉంచాలి. రెండో సంచి చేపల వాసన అంటకుండా. బయటికి తెచ్చాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. తొందరపడితే చల్లటి గోనె మీద గాలిలో తేమ నీరుగా దిగి, పురుగు పోయి బూజు వస్తుంది.

గోడ, గాలి, వెలుతురు

సున్నపు గోడకు మేకు కొడితే గార రాలుతుంది. గతంలో ఎవరో వేసిన ప్లాస్టిక్ ఎమల్షన్ లోపలి చెమ్మను బిగించేసి, ఉప్పు పొక్కులు తేల్చింది. మళ్లీ పెయింటు వేస్తే జనవరికి బాగుంటుంది, జూలైకి ఊడుతుంది. కాబట్టి గోడను గోకించి సున్నమే వేయించాం, దాన్ని ముట్టుకోకుండా ముందు 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ఫలకాలు నిలబెట్టాం, వెనక 5 సెం.మీ. గాలి సందు వదిలి. ఫలకాలకు రంగు వేశాక రెండు వారాలు ఆవిర్లు పోనివ్వాలి. చివరి రోజున రంగు వేయించే అలవాటున్న కాంట్రాక్టరుకు దీన్ని పని ఆర్డరులోనే రాసివ్వాలి, నోటి మాట చాలదు.

ఏసీ పెట్టిస్తామన్నారు. వద్దన్నాం. చూసేవాళ్లున్నంతసేపే నడిపే ఏసీ తేమను పగలు దించి రాత్రి ఎక్కిస్తుంది. నిలకడగా 65 శాతం ఉన్న గాలికన్నా, రోజూ 50కీ 80కీ మధ్య ఊగే గాలి కాగితానికి చేటు. పెద్ద హాలును ఫ్యాన్లకు వదిలి, కాగితపు వస్తువులున్న చిన్న గదికి మాత్రం తలుపు మూసి, డీహ్యూమిడిఫైయర్ (గాలిలో తేమ తగ్గించే యంత్రం) రాత్రీ పగలూ నడిపించాం.

చిట్టా ఉన్న షోకేసులో సిలికా జెల్, అంటే తేమ పీల్చే గుళికలు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నిర్వహణ సిబ్బంది సంచి విప్పి, పొడి జెల్‌ను నేరుగా ట్రేలో పోశారు. పూర్తిగా ఎండిన జెల్ కేసులో తేమను 30 కిందికి లాగేస్తుంది. తెల్లారేసరికి చిట్టా తోలు అట్ట దొప్పలా లేచింది. జెల్ పని తేమను పీల్చేయడం కాదు, ఒక స్థాయిలో నిలపడం. ముందు దాన్ని 55 శాతం ఉన్న గదిలో పళ్లేల్లో పలచగా పరిచి, బరువు మారడం ఆగేదాకా ఉంచాలి. రెండు వారాల దాకా పట్టొచ్చు. ఘనపు మీటరుకు 20 కిలోల లెక్కన, 0.2 ఘనపు మీటర్ల కేసుకు 4 కిలోలు. నీలం రంగుది కోబాల్ట్ వల్ల విషం, నారింజ రంగుదే తీసుకోవాలి.

సీసం సీళ్లు దశాబ్దాలుగా చెక్కపెట్టెలో ఉన్నాయి. మీద తెల్లటి పొడి. చూసినవాళ్లు సున్నం అనుకున్నారు. చెక్క నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరికి సీసం తినిపోతే వచ్చే పొడి అది, విషం. నైట్రైల్ గ్లవుజులు, మాస్కు లేకుండా ఊదడం, బ్రష్షు కొట్టడం చేయకూడదు. వీటికి పౌడర్ కోటింగు వేసిన ఇనుప కేసు, అక్రిలిక్ మూత పెట్టాం. పక్కనే టేకు కేసు చేయించి ఉంచారు, అందమైనదే. దాన్ని కరపత్రాల బల్లగా వాడుకున్నారు.

వెలుతురు విషయంలో కాగితానికి 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించకూడదు. లైటింగ్ కాంట్రాక్టరు మొదట పెట్టింది 200. రోజుకు 7 గంటలు, 30 రోజులంటే కాగితం మీద పడే మొత్తం వెలుతురు 42,000 లక్స్-గంటలు. 50 లక్స్, 5 గంటలకు దించితే 7,500. గది చీకటిగా ఉందన్న ఫిర్యాదు తప్పకుండా వస్తుంది. దానికి మందు కేసులో దీపం పెంచడం కాదు, ముందు గదిలో తగ్గించడం. కన్ను అలవాటు పడ్డాక 50 చాలు.

నీలం నకలు

గోడౌన్ల పాత నకళ్లు సయనోటైప్‌లు, అంటే ఇనుప లవణాల మందు పూసిన కాగితం మీద ఎండతో తీసే నీలం అచ్చులు. ఆ నీలానికి ఇద్దరు శత్రువులు, వెలుతురూ క్షారమూ. సున్నపు గోడ నుంచి రాలే పొడి క్షారమే. ఆర్కైవల్ అని కొన్న కాగితపు ఫోల్డర్లలోనూ చాలావాటికి క్షారం కలిపి ఉంటుంది. మిగతా కాగితానికి మేలు చేసేదే దీనికి హాని. కలపని రకం అడిగి తెప్పించాలి. అసలు నకలును కేసులో వారం మాత్రమే ఉంచి, తర్వాత స్కాన్ ప్రింటు పెట్టాం, ఆ సంగతి లేబుల్ మీద రాశాం.

వీటిని ఎంచుకున్న యువ కళాకారుడు మేడ మీద ఎండలో కొత్త సయనోటైప్‌లు వేశాడు: కొక్కెం, తాడు, పురికొస నీడలు. మొదటి దఫా షీట్లు కడిగాక నీలం పాలిపోయింది. ఎండ తక్కువై కాదు. బోరు నీటిలో క్షారం. మొదటి కడుగుడు నీటిలో కాస్త సిట్రిక్ ఆమ్లం కలిపాక రంగు నిలిచింది. మందు పూసిన కాగితం ఈ ఊరి తేమలో మర్నాటికి చెడుతుంది, పూసి ఆరబెట్టిన రోజే వాడేయాలి.

మిగతా రెండింటి గురించి క్లుప్తంగా. కొక్కెం పిడి ఆకారాలను ఏటికొప్పాక లక్క పనివారితో కలిసి అంకుడు కర్రలో తిప్పించిన పని ఒకటి. కర్ర సరిగ్గా ఆరకపోతే లక్క పగులుతుంది, అందుకని కర్ర ఆర్డరు అందరికన్నా ముందు ఇవ్వాలి. రెండోది బరువు లాగేటప్పటి ఐలేసా పిలుపుల ధ్వని పని. సున్నపు గోడల మధ్య ఒకటే గింగురు. స్పీకర్లను గోనె పట్ట వెనక్కి మార్చితే సర్దుకుంది.

జీతాల చిట్టా

అన్నిటికన్నా ఎక్కువ మాటలు నడిచింది దీని మీద. చిట్టాలో వరసగా పేరు, ఊరు, రోజులు, కూలి, అడ్వాన్సు, వేలిముద్ర. ఒక కళాకారిణి వేలిముద్రలను పెద్దవి చేసి గీయాలనుకుంది. యజమానులకు కూలి అంకెల మీద దిగులు: ఇంత తక్కువ ఇచ్చారా అని నలుగురూ అనుకుంటారని. మా అభ్యంతరం వేరు, వేలిముద్రల మీద. అవి ఫలానా మనిషివి. వాళ్ల పిల్లలు, మనవలు ఇదే ఊళ్లో ఉన్నారు. అడ్వాన్సు గడిలో ఉన్న అప్పు ఒక కుటుంబపు గుట్టు. అందంగా ఉందని గోడకెక్కించే హక్కు కంపెనీకీ లేదు, కళాకారిణికీ లేదు.

తేలింది ఇలా. చిట్టా పేజీకి నకలు తీసి పేరు, ఊరు, అడ్వాన్సు, వేలిముద్ర గడులు మూసేశాం. కూలి గడి మూయలేదు. దాన్ని మూస్తే దాచారన్న సంగతే ప్రదర్శన అవుతుంది, చూసేవాళ్లు అక్కడే ఆగుతారు. తెరిచి ఉంచితే అది ఆ కాలపు అంకె. యజమానులు రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. కళాకారిణి, బతికున్న పదకొండు మంది రిటైర్డు కార్మికులను కలిసి, తెలుగులో రాసిన ఒప్పుకోలు చదివి వినిపించి, వాళ్ల వేళ్ల గీతలను కొత్తగా బొగ్గుతో గీసింది. ఇద్దరు వద్దన్నారు. వాళ్ల చోట ఖాళీ చట్రాలు వేలాడదీసింది.

కాగితాలు

కంపెనీ ఈ బొమ్మలను క్యాలెండరు మీద, దీపావళి మిఠాయి డబ్బాల మీద వేసుకోవాలనుకుంది. డబ్బిచ్చి చేయించాం కాబట్టి హక్కులు మావే అన్నారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి చేయించిన ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్‌లకు అది నిజమే. శిల్పానికి అలా కాదు. హక్కు బదిలీ రాతలో ఉండాలి. 19వ సెక్షను ప్రకారం గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే. బదిలీ అయినా 57వ సెక్షను కింద కళాకారుడి పేరు హక్కు, పనిని వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు మిగిలే ఉంటాయి. చివరికి పనులన్నీ కళాకారుల సొత్తుగా ఉంచి, కరపత్రం, వెబ్‌సైటు, ఒక క్యాలెండరుకు మాత్రం అనుమతి రాయించాం. మిఠాయి డబ్బాలు పోయాయి.

ఈ ఖర్చును సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద చూపించవచ్చా అని అకౌంట్స్ అడిగింది. కళలు, సంస్కృతి కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో ఉన్న మాట నిజమే. కానీ సొంత పేరు ప్రచారానికి పనికొచ్చే స్పాన్సర్‌షిప్‌ను నియమాలు మినహాయిస్తాయి. కంపెనీ చరిత్ర మీద, కంపెనీ గోడౌన్‌లో, కంపెనీ వార్షికోత్సవానికి పెట్టినదాన్ని అక్కడ రాయకపోవడమే క్షేమం. మార్కెటింగ్ ఖర్చులోనే వేశారు.

ఎవరు వచ్చారు

మొదటి వారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5. వచ్చినవాళ్లు ఖాతాదారులు, ఆంధ్రా యూనివర్సిటీ లలితకళల విద్యార్థులు. ఎవరి పని ఇక్కడ వేలాడుతోందో వాళ్లు రాలేదు. పగలు పనికెళ్లే కొడుకులో కూతుళ్లో తీసుకొస్తే తప్ప ఆ వయసువాళ్లు కదలలేరు. వేళలు సాయంత్రం 4 నుంచి 9కి, ఆదివారం కలిపి మార్చారు. పూర్ణా మార్కెట్ వైపు నుంచి ఒక వ్యాను పెట్టారు. తర్వాత హాలు నిండింది. సందర్శకుల పుస్తకం పక్కన రికార్డరు పెట్టడం మంచిదైంది. రాయడం రానివాళ్లు మాట్లాడారు, టాలీ పుస్తకంలోని గుర్తుల్లో మాకు అంతుచిక్కనివి మూడు అలా తేలాయి.

లేబుళ్లు తెలుగులోనే ముందు రాయించాలి, ఒక్కోటి 60 మాటలు దాటకుండా. పెద్దవాళ్ల కోసం 24 పాయింట్లు. ఒత్తులు కింది వరసను తగలకుండా వరసల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు. డిజైనరు ఇంగ్లిష్ లేఅవుట్‌లోనే తెలుగు పోస్తే క్ష్మ, స్త్ర లాంటివి కింది గుడిలో ఇరుక్కుంటాయి.

ముగిశాక ప్రతి వస్తువుకూ వచ్చినప్పటి, వెళ్లేటప్పటి ఫొటోలు పోల్చి స్థితి నివేదిక రాశాం. మార్పు కనబడింది తోలు అట్ట ఒక్కదానిలోనే. బరువు కింద నెమ్మదిగా సర్దుకుంటోంది. సీళ్లు ఇనుప పెట్టెలో, నకళ్లు విడిగా చదునైన సొరుగులో ఉన్నాయి. వ్యవస్థాపకుడి చిత్రం హెడ్డాఫీసులో ఎప్పటి చోటే ఉంది. జీతాల చిట్టాలు ఎవరు అడిగితే ఎవరు చూపించాలన్నది రాతలో పెట్టమని అడిగాం. ముసాయిదా బోర్డు దగ్గర ఉంది. నకళ్ల స్కానింగుకు మాత్రం ఇంకా బడ్జెట్ రాలేదు.